ముద్దలో లేని కొవ్వు కాలేయంలోకి ఎలా వచ్చింది?

హెల్త్ చెకప్ ఫైల్లో పొట్ట స్కానింగ్ రిపోర్టు ఎక్కడో అడుగున ఉంటుంది. అందులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న ముక్క కంటపడగానే డాక్టరు దగ్గర చాలామంది అనే మొదటి మాట ఒకటే: “నేను చుక్క ముట్టనండీ!” పక్కనున్న ఇల్లాలు అందుకుంటుంది: “వంటలో నూనె సగానికి సగం తగ్గించేశానండీ. వేపుళ్లు మానేసి ఏడాది దాటింది.” ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. తాగుడు లేదు, వేపుడు లేదు. మరి కాలేయంలోకి కొవ్వు ఏ దారిన వచ్చినట్టు?

వైద్యులకూ ఒకప్పుడు ఇదే చిక్కుప్రశ్న. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ అనే పాథాలజిస్టు, మద్యం అలవాటు లేని 20 మంది రోగుల కాలేయపు ముక్కలను మైక్రోస్కోపు కింద చూశాడు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో కనిపించే మార్పులే వాళ్లలోనూ ఉన్నాయి. అంతకుముందు ఇలాంటి రోగి ఎదురైతే దొంగచాటుగా తాగుతున్నాడేమో అని అనుమానించేవారు. లుడ్విగ్ ఆ నింద తుడిచాడు. ఆ జబ్బుకు ‘మద్యంతో సంబంధం లేనిది’ అన్న పేరు అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలు నడిచింది. 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు దాన్ని మార్చి, జీవక్రియ గాడి తప్పడం వల్ల వచ్చేదన్న అర్థంలో ఎంఏఎస్ఎల్‌డీ అని పిలుస్తున్నాయి. కాలేయంలో కొవ్వుతో పాటు అధిక బరువు లేదా పొట్ట, షుగరు, బీపీ, పెరిగిన ట్రైగ్లిజరైడ్లు, తగ్గిన మంచి కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి ఉండి, మద్యం వంటి వేరే కారణం లేకపోతే ఆ పేరు పెడతారు.

స్కానింగ్ గదిలో కనిపించేది

రేడియాలజిస్టు కుడి డొక్క మీద జెల్లీ రాసి, పక్కటెముకల సందున ప్రోబ్ ఆనించి, “గాలి పీల్చి బిగబట్టండి” అంటారు. అప్పుడు తెర మీద కాలేయం, దాన్ని ఆనుకుని కుడి మూత్రపిండం ఒకేసారి కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కాలేయ కణాల్లో కొవ్వు బొట్లు చేరాయంటే అవి ధ్వని తరంగాలను చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. దాంతో కాలేయం తెల్లగా వెలుగుతుంది, పక్కనున్న మూత్రపిండం నల్లగా ఉండిపోతుంది. ఈ తేడా కొద్దిగా ఉంటే గ్రేడ్ 1. తెలుపు పెరిగి, లోపలి రక్తనాళాల గోడలు మసకబారితే గ్రేడ్ 2. కాలేయం వెనకాల ఉండే డయాఫ్రం గీత కూడా కనబడకుండా పోతే గ్రేడ్ 3.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గ్రేడు చెప్పేది తెలుపు గురించే. కాలేయం ఎంత దెబ్బతిన్నదో అది చెప్పదు. గ్రేడ్ 1 అయినా లోపల మచ్చలు కట్టి ఉండొచ్చు, గ్రేడ్ 3 అయినా కట్టకపోవచ్చు. ఇంకో సంగతి. కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు కనిపిస్తే ఫ్యాటీ లివర్ అంటారు. మామూలు అల్ట్రాసౌండు మాత్రం కొవ్వు 20 శాతం దాటితే తప్ప నమ్మకంగా పట్టుకోలేదు. ‘గ్రేడ్ 1 కదా, అందరికీ ఉండేదే’ అని కొట్టిపారేసే ముందు ఈ లెక్క గుర్తుండాలి.

అందరికీ ఉండేదే అన్న మాటలో మాత్రం నిజం లేకపోలేదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కూర్చి 2022లో లెక్కకట్టారు. పెద్దల్లో 38.6 శాతం మందికి ఉన్నట్టు తేలింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు కనిపించింది. ఆ సంఖ్యను ఊరంతటికీ వర్తింపజేయకూడదు. కానీ రోజంతా కుర్చీలో కూర్చుని, వేళాపాళా లేకుండా తినే బతుకు ఎటు తీసుకెళుతుందో అది చెబుతోంది.

మొక్కజొన్న తిన్న బాతు

ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో బాతు కాలేయంతో చేసే ఫ్వాగ్రా అనే వంటకం ఉంది, చాలా ఖరీదైనది. దాని కోసం బాతుల గొంతులోకి గొట్టం పెట్టి సుమారు రెండు వారాల పాటు మేత కుక్కుతారు. కాలేయం మామూలు సైజుకు ఎన్నో రెట్లు ఉబ్బి, వెన్నముద్దలా మారుతుంది. ఆ పద్ధతి క్రూరమని చాలా దేశాలు నిషేధించాయి, అది వేరే చర్చ. మనకు కావలసింది ఆ మేత ఏమిటన్నది. నూనె కాదు, వెన్న కాదు, మొక్కజొన్న. అందులో ముప్పాతిక వంతు దాకా పిండిపదార్థమే. వలసపోయే పక్షులు వేల కిలోమీటర్ల ప్రయాణానికి ముందు కడుపునిండా మేసి కాలేయంలో కొవ్వు దాచుకుంటాయి. మనుషులు ఆ పక్షి గుణాన్ని వాడుకుని దాన్ని జబ్బు దాకా లాగారు.

పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే యంత్రాంగం మన కాలేయంలోనూ ఉంది. మనం ఎగిరిపోయేది ఎక్కడికీ లేదు, అంతే తేడా.

మూడు గేట్లు, రెండు దారులు

ధాన్యం కోతల కాలంలో మార్కెట్ యార్డును చూసినవాళ్లకు కాలేయం పని సులువుగా అర్థమవుతుంది. యార్డులోకి సరుకు వచ్చే గేట్లు కొన్ని, బయటికి పోయే దారులు కొన్ని. వచ్చిన లోడుకు తగ్గట్టు లారీలు కదులుతుంటే యార్డు ఖాళీగానే కనిపిస్తుంది. రాక పెరిగినా, లారీలు ఆగినా బస్తాలు నడవాల్లో పేరుకుంటాయి. కాలేయం కొవ్వును నిల్వ చేయడానికి పుట్టిన అవయవం కాదు. తెచ్చుకుని, మార్చి, పంపేయడం దాని పని. నిల్వ కనిపించిందంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

లోపలికి వచ్చే గేట్లు మూడు. మొదటిది మన ఒంట్లోనే, పొట్ట చుట్టూ, చర్మం కింద దాచిన కొవ్వు కరిగి రక్తంలో కలిసి కాలేయానికి చేరడం. రెండోది పిండి, చక్కెరల నుంచి కాలేయం తానే కొత్తగా కొవ్వు తయారుచేయడం. మూడోది తిన్న నూనె, నెయ్యి నేరుగా రావడం. ఏ గేటు నుంచి ఎంత వస్తోందన్నది అంచనాలకే పరిమితమై ఉండేది. 2005లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని కొలిచారు. ఫ్యాటీ లివర్ ఉన్న తొమ్మిది మందికి, గుర్తుపట్టేందుకు వీలుగా ప్రత్యేకమైన అణువులు కలిపిన ఆహారాన్ని కొన్ని రోజులు ఇచ్చి, తర్వాత కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. అందులోని కొవ్వులో 59 శాతం ఒంటి కొవ్వు నుంచి, 26 శాతం కాలేయం సొంత తయారీ నుంచి వచ్చాయి. పళ్లెంలోని కొవ్వు నేరుగా చేరింది 15 శాతమే.

ఇల్లాలు నూనె తగ్గించినా రిపోర్టు మారకపోవడానికి కారణం ఇదే. ఆమె మూయగలిగింది మూడు గేట్లలో చిన్నదాన్ని. ఆరోగ్యవంతుల్లో కాలేయం సొంతంగా తయారుచేసే కొవ్వు 5 శాతానికి మించదు. ఈ రోగుల్లో అది పావు వంతు దాటింది. అసలు మర్మం ఆ రెండో గేటు దగ్గర ఉంది.

బయటికి పోయే దారులు రెండే: కాలేయం ఆ కొవ్వును కాల్చుకుని శక్తి పొందడం, లేదా ప్రొటీను పొరలో చుట్టి రక్తంలోకి పంపడం.

ఇన్సులిన్ చెప్పే మూడు మాటలు

అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. ఇన్సులిన్ మూడు చోట్లకు కబురు పంపుతుంది. కండరాలకు: గ్లూకోజు తీసుకోండి. ఒంటి కొవ్వుకు: ఇప్పుడు కరగొద్దు, తిండి వచ్చింది. కాలేయానికి: గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచు, అది నిండితే మిగిలింది కొవ్వుగా మార్చు.

కాలేయంలో పట్టే గ్లైకోజెన్ ఎంతో కాదు, సుమారు 100 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. నూటయాభై గ్రాముల బియ్యం వండుకుని మధ్యాహ్నం ఒక్కపూట తిన్నామంటే ఆ నిల్వకు సరిపడా సరుకు వచ్చినట్టే. పొలంలో నాట్లు వేసిన మనిషి కండరాలు అప్పటికే ఖాళీగా ఉంటాయి కాబట్టి వచ్చిన గ్లూకోజులో పెద్ద వాటా వాటికే పోతుంది. వాటిలో నాలుగు వందల గ్రాముల దాకా పడుతుంది. పొద్దున్నుంచి కుర్చీ వదలని మనిషి కండరాలు నిన్నటి సరుకుతోనే నిండి ఉంటాయి. వాటికి ఇన్సులిన్ మాట చెవికెక్కదు. దీన్నే ఇన్సులిన్ నిరోధం అంటారు. 2007లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సన్నగా, ఆరోగ్యంగా ఉన్న యువకులనే తీసుకుని చూపించారు: కండరాలు గ్లూకోజును తీసుకోకపోతే అది కాలేయం వైపు మళ్లి, అక్కడ కొవ్వు తయారీ రెట్టింపవుతుంది.

ఇన్సులిన్ నిరోధం మూడు మాటలనూ ఒకేలా చెడగొడితే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. కండరాలు మాట వినవు. ఒంటి కొవ్వూ వినదు, అందుకే తిన్న తర్వాత కూడా కరుగుతూ కాలేయం మీదికి వచ్చి పడుతుంది. కాలేయం గ్లూకోజు తయారీ ఆపమంటే ఆపదు, కొవ్వు తయారుచేయమన్న మాట మాత్రం విధేయంగా వింటూనే ఉంటుంది. కొలెస్ట్రాల్ పరిశోధనకు నోబెల్ అందుకున్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 2008లో ఈ వింత మీదే రాశారు. మొదటి గేటు, రెండో గేటు ఒకేసారి బార్లా తెరుచుకుంటాయి. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, కాలేయం ఇంకా ఎక్కువ కొవ్వు తయారుచేస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్ అంత ఎక్కువగా ఉండటానికి మూలం ఈ చక్రమే.

ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసిన సర్వే ఫలితాలు 2025లో వచ్చాయి. మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. అన్నం విషమని నేననను. నాట్లు వేసిన తాత తిన్నంత అన్నాన్ని, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనవడు కూడా తింటున్నాడు. గొడవంతా అక్కడే.

చక్కెరది దొడ్డిదారి

పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒంట్లోని ప్రతి కణమూ వాడుకుంటుంది. ఫ్రక్టోజు భారం మాత్రం ఎక్కువగా పేగు, కాలేయమే మోయాలి. కాలేయ కణంలో గ్లూకోజు దారిలో ఒక తనిఖీ ఉంటుంది. కణానికి శక్తి సరిపోయిందనుకోండి, అక్కడ అడ్డుపడుతుంది. ఫ్రక్టోజు ఆ తనిఖీ దాటాక ఉన్న చోట లోపలికి చేరుతుంది. యార్డు భాషలో చెప్పాలంటే కాటా దగ్గర ఆగకుండా వెనకగేటు నుంచి వచ్చే లోడు. అక్కర ఉన్నా లేకున్నా లోపలికి వచ్చిపడి కొవ్వు తయారీని పెంచుతుంది.

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు వేసుకుంటే 40 గ్రాముల పంచదార. ఇందులో స్వీటు లేదు, కూల్‌డ్రింకు లేదు, సాయంత్రం బిస్కెట్లు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మేలైన పరిమితి రోజుకు సుమారు 25 గ్రాములు. టీతోనే గీత దాటేశాం. మూడువందల మిల్లీలీటర్ల కోలా ఒక్కటి తాగితే మరో 30 గ్రాములు. బెల్లం టీకి మారితే మంచిదనుకునేవాళ్లు కనిపిస్తుంటారు. బెల్లంలోనూ ప్రధానంగా ఉండేది అదే చక్కెర. తేనెలో దాదాపు 40 శాతం నేరుగా ఫ్రక్టోజే. కాలేయానికి వీటి మధ్య తేడా తెలియదు.

చక్కెర మానితే కొవ్వు తగ్గుతుందా అంటే తగ్గుతుందనడానికి గట్టి రుజువుంది. 2019లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది అబ్బాయిలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు ఇళ్లలో ఎనిమిది వారాల పాటు కలిపిన చక్కెర దాదాపు లేకుండా చేశారు. వాళ్ల కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. ఎప్పటిలా తిన్న జట్టులో 21 నుంచి 20కి, అంతే.

■ బాక్స్: మరి పండ్లు?

పండ్లలోనూ ఫ్రక్టోజు ఉంది కదా, మానేయాలా? అక్కర్లేదు. తక్కువ మోతాదులో వచ్చే ఫ్రక్టోజును చిన్నపేగే గ్లూకోజుగా మార్చేస్తుందని 2018లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. పేగు సామర్థ్యం దాటి ముంచెత్తినప్పుడే మిగిలింది కాలేయానికి చేరుతుంది. బత్తాయి తొనలు నమిలి తింటే పీచుతో కలిసి మెల్లగా చేరుతుంది, ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. గ్లాసుడు జ్యూసుకు నాలుగైదు బత్తాయిలు పిండుతారు, రెండు నిమిషాల్లో తాగేస్తాం. బండి మీద జ్యూసులో పైన కలిపే పంచదార సంగతి సరేసరి. జామ, బొప్పాయి, బత్తాయి హాయిగా తినండి. మామిడి కాలంలో భోజనం తర్వాత రెండు రసాలు పిండుకునే అలవాటుంటే మాత్రం ఆ పూట అన్నం తగ్గాలి.

స్వీడన్ మఫిన్లు

మూడో గేటు చిన్నదే అన్నామని నూనె, నెయ్యి ఎంతైనా పోయొచ్చనుకోకండి. 2014లో స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయంలో సన్నగా ఉన్న 39 మంది యువతీయువకులకు ఏడు వారాలు రోజూ మఫిన్లు తినిపించారు. సగం మందివి పామాయిల్‌తో చేసినవి, సగం మందివి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. మిగతా అంతా ఒకటే. అందరూ సమానంగా, తలా కిలోన్నర పైచిలుకు బరువు పెరిగారు. కాలేయంలో కొవ్వు మాత్రం పామాయిల్ జట్టులోనే బాగా పెరిగింది. 2018లో ఫిన్లాండ్‌లో ఇదే సంగతిని ఇంకోలా చూశారు. మూడు వారాల పాటు రోజుకు అదనంగా 1000 కేలరీలు ఇస్తే, వెన్న, చీజ్ లాంటి సంతృప్త కొవ్వు తిన్నవాళ్ల కాలేయంలో కొవ్వు 55 శాతం, చక్కెర తిన్నవాళ్లలో 33 శాతం, గింజపప్పులు, ఆలివ్ నూనె లాంటివి తిన్నవాళ్లలో 15 శాతం పెరిగింది.

పామాయిల్‌లో ఇంచుమించు సగం సంతృప్త కొవ్వే. బజ్జీల బండి, బేకరీ, మిక్చర్ పొట్లం, ఇన్‌స్టంట్ నూడుల్స్ అన్నీ ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. ఇంట్లో వేరుశనగ నూనెను చెంచాలతో కొలిచి పోసుకుని, సాయంత్రం పఫ్ తినేవాళ్లకు ఆ కొలతతో ఒరిగేది తక్కువ.

ఎప్పుడు తింటున్నాం?

గచ్చిబౌలిలో పనిచేసే ఒక ఐటీ ఉద్యోగి రోజును ఊహించండి. పొద్దున టిఫిను మానేసి కాఫీ. పదకొండుకు ఆఫీసులో సమోసా, టీ. ఒంటిగంటకు భోజనం. నాలుగుకు మళ్లీ టీ, బిస్కెట్లు. ఏడుకు ట్రాఫిక్‌లో చిప్స్ ప్యాకెట్. రాత్రి అమెరికా వాళ్లతో కాల్ ముగించుకుని పదిన్నరకు యాప్‌లో తెప్పించిన బిర్యానీ. పన్నెండుకు నిద్ర. లెక్కకు భోజనాలు రెండే, కానీ ఇన్సులిన్ దిగేందుకు మెలకువగా ఉన్నంతసేపూ వ్యవధి దొరకలేదు. ఇన్సులిన్ దిగినప్పుడే కాలేయం తన గ్లైకోజెన్‌ను ఖర్చుపెట్టి, తర్వాత కొవ్వును కాల్చడం మొదలెడుతుంది. లారీలు బయల్దేరేది ఆ విరామంలోనే.

నెదర్లాండ్స్‌లో దీన్ని నేరుగా పరీక్షించారు. 36 మంది సన్నటి యువకులకు ఆరు వారాల పాటు అవసరానికి మించి 40 శాతం కేలరీలు ఇచ్చారు. కొందరు ఆ అదనాన్ని మూడు భోజనాల్లోనే కలిపి తిన్నారు, మరికొందరు భోజనాల మధ్య చిరుతిళ్లుగా తిన్నారు. 2014లో ఫలితాలు వచ్చాయి. బరువు అందరిలో పెరిగింది. కాలేయంలో కొవ్వు గణనీయంగా పెరిగింది మాత్రం చిరుతిళ్ల జట్టులోనే. అధ్యయనం చిన్నది, అందరూ కుర్రాళ్లే. అయినా ‘కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి’ అనే సలహాను అందరికీ ఒకేలా పంచిపెట్టేవాళ్లు దీన్ని ఒకసారి చూడాలి.

అయితే రోజుకు ఎనిమిది గంటల్లోనే తినడం మంత్రదండమా? 2012లో సచ్చిదానంద పాండా బృందం కాలిఫోర్నియాలో ఎలుకలకు కొవ్వు మేత ఎనిమిది గంటల్లోనే అందేలా చేస్తే, రోజంతా మేసినవాటితో సమానంగా కేలరీలు తిన్నా వాటి కాలేయాలు బాగున్నాయి. ప్రపంచమంతా ఆ పద్ధతి వెంట పడింది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఉత్సాహం కొంత చల్లారింది. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఊబకాయం, ఫ్యాటీ లివర్ ఉన్న 88 మందిని తీసుకుని, అందరికీ కేలరీలు సమానంగా తగ్గించి, సగం మందిని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినమన్నారు. ఏడాది తర్వాత, 2023లో ప్రకటించిన ఫలితాల్లో రెండు జట్ల కాలేయాలూ ఒకేలా బాగుపడ్డాయి. అంటే తిండి తగ్గించకుండా గడియారాన్ని మాత్రమే నమ్ముకుంటే లాభం లేదు. నా తీర్పు ఇది: వేళ నియమం వల్ల మీరు చిప్స్ ప్యాకెట్, పదిన్నర బిర్యానీ మానగలిగితే అది మీకు పనిచేస్తుంది. ఎనిమిది గంటల్లోనే పదహారు గంటల తిండి కుక్కితే చేయదు.

రాత్రి ఆలస్యంగా తినడం మీద మాత్రం ఒక మాట. అదే భోజనానికి సాయంత్రం కంటే పొద్దున మన ఒళ్లు గ్లూకోజును బాగా సర్దుకుంటుంది. ఒంటి గడియారం తీరే అంత. పెద్ద భోజనం మధ్యాహ్నం, తేలికది రాత్రి ఎనిమిదిలోపు అన్న పల్లెటూరి అలవాటును మనం మార్చుకోకుండా ఉండాల్సింది.

సన్నగా ఉన్నవాళ్ల మాటేమిటి?

2010లో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో సుమారు 1900 మందిని పరీక్షించారు. 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. వాళ్లలో నూటికి 75 మంది బీఎంఐ 25 లోపే. అంతకు నాలుగేళ్ల ముందు యేల్ బృందం అమెరికాలో సన్నగా ఉన్న యువకులను పోల్చి చూస్తే, భారతీయ మూలాలున్నవాళ్ల కాలేయాల్లో తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు కొవ్వు కనిపించింది. మనకు చర్మం కింద కొవ్వు భద్రంగా దాచుకునే చోటు తక్కువ. అది నిండగానే పొట్ట లోపలికి, కాలేయంలోకి పొర్లుతుంది. అందుకే మనకు బరువు కన్నా నడుము చుట్టుకొలత ముఖ్యం: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. కొందరిలో జన్యువుల పాత్ర కూడా ఉంది. 2008లో గుర్తించిన పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు ఉన్నవాళ్ల కాలేయం కొవ్వును త్వరగా వదలదు.

సన్నటి ఒంట్లోనూ కాలేయం నిండటానికి ఇంకో కారణం ఉంది. కొవ్వును ప్రొటీను పొరలో చుట్టి బయటికి పంపే దారిదీ ఒక కథే. 1933లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలో క్వాషియార్కర్ అనే పిల్లల జబ్బును వర్ణించింది. తర్వాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనూ సి. గోపాలన్ వంటివారు దాన్ని దశాబ్దాల తరబడి అధ్యయనం చేశారు. బక్కచిక్కిన ఆ పిల్లల కాలేయాలు కొవ్వుతో నిండి ఉండేవి. ప్రొటీను లేక, కొవ్వును చుట్టి పంపే పొర తయారుకాక, సరుకు లోపలే ఉండిపోయేది. ఇప్పుడు ఆ జబ్బు అరుదు. అయినా అన్నం కొండంత, పప్పు చెంచాడు అన్న పళ్లెం ఇంకా పోలేదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, శనగలు పెరిగితే అన్నం తనంత తానే తగ్గుతుంది. గుడ్డు పచ్చసొనలో, సోయాలో ఉండే కోలిన్ కూడా ఆ పొర తయారీకి కావలసిందే. ‘కొలెస్ట్రాల్ భయం’తో సొన పారేసే ఇళ్లు ఇది గమనించాలి.

ఖాళీ చేయడం ఎంత త్వరగా సాధ్యం?

ఊహించనంత త్వరగా. 2011లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం 11 మంది షుగరు రోగులకు రోజుకు 600 కేలరీల ఆహారం ఇచ్చింది. మొదటి వారంలోనే కాలేయంలోని కొవ్వు 30 శాతం తగ్గింది, పరగడుపు షుగరు మామూలుకు వచ్చింది. ఇంత కఠినమైన పథ్యం ఇంట్లో సొంతంగా చేసేది కాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ప్రమాదం. కానీ యార్డు ఎంత వేగంగా ఖాళీ అవుతుందో అది చూపింది.

మామూలు మనిషి చేయగలిగింది క్యూబాలో 293 మంది మీద ఏడాదిపాటు చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం బరువు 10 శాతం తగ్గినవాళ్లలో 90 శాతం మందికి కాలేయంలో వాపు పోయింది. 45 శాతం మందిలో మచ్చలు కూడా వెనక్కి మళ్లాయి. ఎనభై కిలోల మనిషికి ఇది ఎనిమిది కిలోలు. సన్నగా ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గినా ఫలితం కనిపిస్తుంది.

నడక సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. కండరాలు ఇన్సులిన్ మాట వినని యువకులతో యేల్ పరిశోధకులు 2011లో ఒకే ఒక్కసారి 45 నిమిషాలు వ్యాయామం చేయించి భోజనం పెడితే, ఆ తర్వాత కాలేయంలో కొవ్వు తయారీ 30 శాతం దాకా తగ్గింది. ఒక్కసారికే! ఖాళీ అయిన కండరం గ్లూకోజును లాక్కుంటే కాలేయానికి పని తగ్గినట్టే.

కాఫీ తాగేవారికి ఒక మంచి మాట. బ్రిటన్‌లో సుమారు ఐదు లక్షల మంది వివరాలు పరిశీలించి 2021లో చెప్పిన ప్రకారం, కాఫీ తాగేవాళ్లలో దీర్ఘకాలిక కాలేయ జబ్బులు 21 శాతం తక్కువ. కాఫీయే కారణమని ఇది రుజువు చేయదు. అందులో వేసుకునే పంచదార భారం మాత్రం ఎటూ కాలేయం మీదే పడుతుంది.

‘లివర్ డిటాక్స్’ పేరుతో అమ్మే పొడులు, పసరులు మాత్రం ముట్టకండి. కొవిడ్ కాలంలో తిప్పతీగ రసం తాగి కాలేయం దెబ్బతిన్నవారిని ముంబై వైద్యులు 2021లో నమోదు చేశారు. మందుల విషయానికొస్తే, అమెరికాలో రెస్మెటిరోమ్‌కు 2024లో, సెమాగ్లుటైడ్‌కు 2025లో అనుమతి వచ్చింది. రెండూ మచ్చలు ఒక మోస్తరు నుంచి ఎక్కువగా కట్టినా సిర్రోసిస్ దాకా పోనివాళ్లకే, అదీ ఆహారం, వ్యాయామాలతో పాటు. మచ్చలతో కాలేయం గట్టిపడిపోవడమే సిర్రోసిస్.

ఎవరు కంగారు పడాలి?

కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి సిర్రోసిస్ రాదు. కొందరిలో కొవ్వు వాపుగా, వాపు మచ్చలుగా, మచ్చలు సిర్రోసిస్‌గా ఏళ్ల తరబడి మారుతాయి. మరణాల్లో మాత్రం మొదటి స్థానం గుండె జబ్బులదే. అంటే కాలేయపు కొవ్వు గుండెకు ముందస్తు కబురు.

మచ్చలు కట్టే ముప్పు ఎంతో అంచనా వేయడానికి ఖరీదైన పరీక్షలతో మొదలుపెట్టక్కర్లేదు. వయసు, రక్తంలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే ఫిబ్-4 అనే స్కోరు వస్తుంది. 1.3 లోపు ఉంటే ముప్పు తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి ఈ గీత 2. దాన్ని మించితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరమో కాదో కాలేయ వైద్యులు చెబుతారు. ఏఎల్‌టీ మామూలుగా ఉందని ఊరుకోవద్దు, మచ్చలు ఉన్నా అది మామూలుగా ఉండొచ్చు. షుగరు ఉన్నవాళ్లు ఏటా ఎలాగూ రక్తం ఇస్తారు. ఈసారి ఆ చీటీలో ఈ మూడు పరీక్షలూ రాయమని మీ డాక్టరును అడగండి.